ఉమ్మనీటి పరీక్ష చేయించుకుంటున్నారా? బిడ్డ కళ్ల గురించి ఈ సంగతులు తెలుసుకుని వెళ్లండి

మా పాప ఎడమ కంట్లో తేడా ఉందని మొదట కనిపెట్టింది మా అమ్మ. పుట్టిన 22వ రోజు. ఒళ్లంతా నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, కిటికీ దగ్గర కూర్చుని తల తుడుస్తోంది. నల్లగుడ్డు మీద కింది వైపున బియ్యపు నూకంత తెల్లటి చుక్క. పాలు చింది పడ్డాయేమో అనుకుని తడిగుడ్డ కొనతో అద్దింది. పోలేదు. "ఏమే, ఒకసారి ఇటొచ్చి చూడు" అంది. గొంతు మారిపోయింది. నేను పాపను వెలుతురు వైపు తిప్పి చూశాను. కుడి కంటిపాప గుండ్రంగా ఉంది. ఎడమ కంటిపాప ఆ చుక్క వైపు ఎవరో లాగి పట్టుకున్నట్టు, నీటిబొట్టులా సాగి ఉంది.

మూడు రోజుల తర్వాత కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు చూశారు. లైటు ఆపేసి నన్ను అడిగిన మొదటి మాట: "కడుపుతో ఉన్నప్పుడు ఉమ్మనీరు తీసి పరీక్ష చేశారా అమ్మా?"

ఆ పరీక్షలో తల్లి కడుపులోకి సూది గుచ్చి, బిడ్డ చుట్టూ ఉండే నీరు కొద్దిగా తీసి, బిడ్డకు జబ్బు ఉందేమో చూస్తారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పక్కనే మా ఆడపడుచు ఉంది. ఆ పరీక్ష సంగతి నాకు, మా ఆయనకు, మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే "ఆడో మగో చూపించుకున్నారు" అంటారని దాచాం. కాన్పు చేసిన డాక్టరుకు తెలుసు, కానీ పుట్టిన బిడ్డను చూసిన పిల్లల డాక్టరుకు తెలియదు. పాప డిశ్చార్జ్ కాగితంలో ఆ ముక్కే లేదు. ఉండి ఉంటే పుట్టిన మర్నాడే ఎవరో ఒకరు ఆ కన్ను వెలుతురులో పెట్టి చూసేవారు.

నేను గుంటూరు జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. డాక్టర్ని కాదు. ఇక్కడ రాస్తున్నది నాలుగేళ్లుగా పాపను వెంటేసుకుని తిరుగుతూ, ప్రతి డాక్టరునూ అడిగి, నోటుబుక్కులో రాసుకున్నది. ఉమ్మనీటి పరీక్షకు వెళ్లబోతున్నవాళ్లు, చేయించుకుని బిడ్డను ఎత్తుకుని ఇంటికొచ్చినవాళ్లు చదవాలి. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నవి రెండే. సూది పడిన సంగతి బిడ్డ కాగితాల్లోకి ఎక్కాలి. బిడ్డ కళ్లను మొదటి నెల లోపే చూపించాలి.

ముందు భయం సంగతి

ఇది చదివి పరీక్ష మానేసుకుంటారేమో అన్నదే నా టెన్షన్. అలా చేయకండి. సూది తగిలి బిడ్డ కంటికి దెబ్బ తగలడం చాలా చాలా అరుదు. వైద్య పత్రికల్లో ఒక్కొక్క కేసుగా రాసుకునేంత అరుదు. అలాంటి కేసులు 1970ల నుంచే నమోదయ్యాయి. అప్పట్లో సూది కొన ఎక్కడుందో స్క్రీన్ మీద చూస్తూ గుచ్చే పద్ధతి లేదు. కడుపు తడిమి చూసో, ముందు స్కాన్ చేసి గుర్తు పెట్టుకునో గుచ్చేవాళ్లు. ఇప్పుడు స్కాన్ చూస్తూనే చేస్తారు కాబట్టి ప్రమాదం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు.

మా సంగతి చెప్తాను. మాది మేనరికం. మా బాబుకు తలసీమియా మేజర్, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. సూది పెట్టే నర్సు రాగానే వాడు అటు తిరిగి గోడకేసి చూస్తాడు, ఏడవడు. నేను, మా ఆయన ఇద్దరం క్యారియర్లం, అంటే మాకు జబ్బు లేదు కానీ ఆ లోపం మా జన్యువుల్లో ఉంది. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నలుగురిలో ఒకరికి జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. రెండోసారి నెల తప్పినప్పుడు పరీక్ష లేకుండా తొమ్మిది నెలలూ మోసే ధైర్యం నాకు లేదు. ఫలితం వచ్చింది, పాప మాలాగే క్యారియర్, జబ్బు లేదు. ఇంత జరిగినా, మళ్లీ అదే పరిస్థితి వస్తే ఆ పరీక్ష మళ్లీ చేయించుకుంటాను. ఈసారి ఎలా చేయించుకోవాలో తెలిసి చేయించుకుంటాను.

అవసరం లేకుండా మాత్రం వద్దు. డౌన్ సిండ్రోమ్ లాంటి వాటికి ఇప్పుడు తల్లి చేతి రక్తంతో చేసే ఎన్ఐపీటీ పరీక్ష ఉంది. దాంట్లో బిడ్డ దగ్గరికి సూది వెళ్లదు. అయితే అది అనుమానం ఉందా లేదా అని జల్లెడ పట్టే పరీక్ష మాత్రమే. అందులో తేడా వస్తే నిర్ధారణకు ఉమ్మనీరు గానీ, మాయ ముక్క గానీ తీసి పరీక్షించాల్సిందే. ఒక్క ఎన్ఐపీటీ రిపోర్టు పట్టుకుని పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. ముందు మెడికల్ జెనెటిక్స్ డాక్టరుతో మాట్లాడండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

తేదీ పెట్టుకునే ముందు

నేను చేసిన మొదటి తప్పు ఆలస్యం. తలసీమియా లాంటి జబ్బు ఇంట్లో ముందే తెలిసి ఉంటే, నెల తప్పిన వెంటనే వెళ్లాలి. 11 వారాల నుంచి 14 వారాల లోపు సీవీఎస్ అనే పరీక్ష చేయవచ్చు. అందులో మాయ ముక్క కొద్దిగా తీస్తారు, సూది ఉమ్మనీటి సంచిలోకి వెళ్లదు. దానికి ముందు తల్లిదండ్రుల రక్తం, జబ్బు ఉన్న బిడ్డ రక్తం పరీక్షించి జన్యువులో లోపం ఎక్కడుందో తేల్చి పెట్టుకోవాలి. నిజానికి ఈ పని నెల తప్పక ముందే చేసి పెట్టుకోవాలి. మేం బాబు రక్తం ఎక్కింపుల్లో పడి వాయిదా వేశాం. కాగితాలు చేతికొచ్చేసరికి నాకు 16 వారాలు దాటాయి. ఇక ఉమ్మనీరే గతి.

ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు నిండాకే చేయాలి. "ఇంకాస్త ముందే చేసేద్దాం" అని ఎవరన్నా ఒప్పుకోకండి. అంతకు ముందు చేస్తే గర్భం పోవడం, బిడ్డ పాదాలు వంకర తిరగడం ఎక్కువగా జరుగుతాయని తేలింది. 15 దాటాక, చెయ్యి తిరిగిన వాళ్లు చేస్తే, పరీక్ష వల్ల గర్భం పోయే ప్రమాదం 200 మందిలో ఒకరి కంటే తక్కువ.

డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. నేను పడ్డాను. స్కూల్లో నలభై మంది పిల్లల ముందు గంటల కొద్దీ మాట్లాడేదాన్ని, ఆ గదిలో నోరు పెగల్లేదు. అడగాల్సినవి ఇవి: మీరే చేస్తారా, వేరేవాళ్లా? నెలకు ఎన్ని చేస్తుంటారు? సూది లోపల ఉన్నంతసేపూ స్కాన్ ప్రోబ్ కడుపు మీదే ఉంటుందా? మొదటిసారి నీరు రాకపోతే ఏం చేస్తారు?

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. స్కాన్ చేసి, కడుపు మీద పెన్నుతో గుర్తు పెట్టి, ప్రోబ్ తీసేసి గుచ్చడం పాత పద్ధతి. బిడ్డ ఒకచోట ఉండదు కదా. గుర్తు పెట్టినప్పుడు అటు ఉన్న తల, సూది దిగేసరికి ఇటు రావచ్చు. సూది కొన స్క్రీన్ మీద తెల్లటి చుక్కలా కనిపిస్తూ ఉండాలి, అది కనిపిస్తుండగానే లోపలికి వెళ్లాలి. నాలుగో ప్రశ్నకు "రెండుసార్లకు మించి ప్రయత్నించం. రాకపోతే ఇంకో రోజు చూద్దాం, లేదా పెద్ద సెంటరుకు పంపిస్తాం" అన్న జవాబు రావాలి.

మన దేశంలో ఈ పరీక్షను పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడో మగో తేల్చడాన్ని అడ్డుకునే చట్టం) కింద రిజిస్టరైన చోటే చేయాలి. ఫారం జీ అనే అంగీకార పత్రం మీద మీ సంతకం తీసుకుంటారు. చట్టం ప్రకారం దుష్ఫలితాలన్నీ మీకు వివరించాలి, అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ మీ చేతికి ఇవ్వాలి. నా చేత ఇంగ్లిష్ కాగితం మీద గబగబా సంతకం పెట్టించారు. కాపీ ఇవ్వలేదు, నేను అడగలేదు. మీరు తెలుగులో అడగండి, కాపీ అడగండి. ఆడో మగో మాత్రం అడగకండి. అడగడం నేరం, చెప్పడం నేరం.

మీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే ముందే చెప్పండి. తల్లి ఒంట్లో బిడ్డ రక్తానికి వ్యతిరేకత తయారవకుండా, పరీక్ష జరిగిన 72 గంటల లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. హెపటైటిస్ బి, హెచ్ఐవీ రిపోర్టులు కూడా వెంట తీసుకెళ్లండి.

బల్ల మీద

17 వారాల బిడ్డ తల నుంచి పిరుదుల దాకా జానెడు కూడా ఉండదు. చుట్టూ పావు లీటరు కంటే తక్కువ నీరు. అందులోంచి 15, 20 మిల్లీలీటర్లు తీస్తారు. సూది సన్నగా, పొడవుగా ఉంటుంది, మందం మిల్లీమీటరు లోపే. నొప్పి అంతగా ఉండదు, లోపల ఏదో నొక్కినట్టు ఉంటుంది. ఆ నిమిషంలో ఊపిరి బిగపట్టకండి, నడుము ఎత్తకండి. స్క్రీన్ మీకు కనిపించేలా తిప్పమని ముందే అడగండి. బిడ్డ తల ఎటుంది, నీటి జాగా ఎక్కడుంది అని అడిగితే చాలామంది డాక్టర్లు చూపిస్తారు. తలకు దూరంగా, ఖాళీగా ఉన్న నీటి జాగాను ఎంచుకుంటారు. బిడ్డ ఆ జాగాలోకి వస్తే ఆగుతారు. ఆగితే కంగారు పడకండి, మంచి డాక్టరు కాబట్టే ఆగారు.

ఇంకో సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ వయసులో బిడ్డ కంటి రెప్పలు అతుక్కునే ఉంటాయి, సుమారు 26 వారాలప్పుడు విచ్చుకుంటాయి. కాబట్టి కంటికి సూది తగలాలంటే రెప్ప మీదుగానే వెళ్లాలి. కనుకనే పుట్టాక కంటి డాక్టర్లు రెప్ప మీద చిన్న గుంట గానీ, గీత గానీ ఉందేమో కూడా చూస్తారు. మా పాప ఎడమ పైరెప్ప మీద పెన్సిల్ మొనతో నొక్కినంత గుంట ఉంది. నేను 22 రోజులు ముద్దులాడుతూ కూడా గమనించలేదు.

నాకు మొదటిసారి నీరు రాలేదు. "బేబీ కదిలింది" అన్న మాట వినిపించింది. సూది తీసి, ఇంకో వైపు నుంచి మళ్లీ గుచ్చారు. రెండోసారి వచ్చింది. ఆ రెండిట్లో ఎప్పుడు తగిలిందో, అసలు అప్పుడే తగిలిందో లేదో ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. నా బాధ దాని గురించి కాదు. నా చేతికిచ్చిన కాగితంలో రెండుసార్లు గుచ్చిన సంగతి లేదు. "ప్రొసీజర్ సాఫీగా జరిగింది" అని ఒక్క వాక్యం ఉంది. తర్వాత కంటి డాక్టరమ్మ "ఎన్నిసార్లు?" అని అడిగితే నా జ్ఞాపకమే సాక్ష్యం.

అందుకని బల్ల దిగాక, బట్టలు సర్దుకున్నాక, బయటికి రాకముందే ఇవి రాయించుకోండి: ఎన్ని వారాల మీద జరిగింది, సూది ఎన్నిసార్లు పడింది, మాయ ముందు ఉందా వెనక ఉందా, నీటిలో రక్తం కలిసిందా, పరీక్ష అయ్యాక గుండె చప్పుడు చూశారా. సూది లోపల ఉన్నప్పుడు తీసిన స్కాన్ ఫొటో ఉంటే అదీ అడగండి. పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ఆ సెంటర్లు రికార్డులు ఉంచాల్సింది రెండేళ్లే. తర్వాత అడుగుదాంలే అనుకుంటే దొరక్కపోవచ్చు. మామూలు వైద్య రికార్డులైతే అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్లకున్న నియమం.

ఆ రోజు ఇంటికెళ్లి పడుకోండి. రెండు రోజులు బరువులు ఎత్తకండి. నీరు కారినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, నొప్పులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇది అందరూ చెప్తారు కాబట్టి ఎక్కువ రాయను.

పుట్టిన రోజు

ఫలితం మంచిగా వస్తే ఆ పరీక్షను మరిచిపోతాం. నాకు తెలిసిన వాళ్లందరిదీ ఇదే కథ. కానీ కాన్పుకు వెళ్లే సంచిలో, తువ్వాళ్లతో పాటు, ఆ కాగితం జిరాక్సు పెట్టుకోండి. కాన్పు డాక్టరు వేరు, పిల్లల డాక్టరు వేరు. బిడ్డను చూడ్డానికి వచ్చిన పిల్లల డాక్టరుతో మీరు మీ నోటితో చెప్పాలి: "నాకు ఉమ్మనీటి పరీక్ష జరిగింది. బిడ్డ రెండు కళ్లూ, ఒళ్లూ ఒకసారి సూది గుర్తుల కోసం చూడండి. రెడ్ రిఫ్లెక్స్ చూసి రాయండి."

రెడ్ రిఫ్లెక్స్ అంటే పెద్ద పరీక్షేం కాదు. గది కాస్త చీకటి చేసి, మూరెడు దూరం నుంచి ఆఫ్తాల్మోస్కోప్ అనే చిన్న లైటు బిడ్డ కళ్ల మీద వేస్తారు. రెండు కంటిపాపల్లోనూ ఎర్రటి మెరుపు ఒకేలా రావాలి. ఒక దాంట్లో మసకగా ఉన్నా, నల్లటి నీడ ఉన్నా, తెల్లగా మెరిసినా కంటి డాక్టరు చూడాలి. రెండు నిమిషాల పని. నొప్పి ఉండదు.

అది మామూలుగా ఉన్నా సరే, సూది పరీక్ష జరిగిన బిడ్డను మొదటి నెలలో ఒకసారి పిల్లల కంటి డాక్టరుకు చూపించాలన్నది నా మాట. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి చూస్తే లోపలి మచ్చలు కూడా బయటపడతాయి.

మనకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పురుడు, ఇరవయ్యొకటో రోజు, మూడో నెల వచ్చేదాకా బిడ్డను గడప దాటించకూడదు అంటారు. మా అత్తమ్మ కూడా అదే అన్నారు. కానీ ఒక కంట్లో పుట్టుకతోనే శుక్లం గట్టిగా కమ్మి ఉంటే, ఆపరేషన్ మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు అయితేనే చూపు బాగా వస్తుంది. ఆ వయసులో మెదడు చూడ్డం నేర్చుకుంటూ ఉంటుంది. ఒక కంటి నుంచి సరైన బొమ్మ రాకపోతే ఆ కంటిని మెదడు పక్కన పెట్టేస్తుంది. తర్వాత శుక్లం తీసినా చూపు పూర్తిగా తిరిగి రాదు. మూడో నెల దాకా ఆగితే అసలు సమయం దాటిపోతుంది. మా అత్తమ్మకు ఈ సంగతి విడమర్చి చెప్పాక, ఆవిడే ఆటో పిలిపించి పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు కూడా చెప్పండి. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వాళ్లు బిడ్డను చూడ్డానికి రావాలి. పుట్టు శుక్లం ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకంలో ఉంది కాబట్టి పై ఆసుపత్రికి రిఫర్ చేయించగలరు.

ఇంట్లో ఏం చూడాలి

పగలు, కిటికీ వెలుతురులో, బిడ్డ పాలు తాగి మెలకువగా ఉన్నప్పుడు చూడండి. నిటారుగా ఎత్తి పట్టుకుంటే పసిపిల్లలు తమంతట తామే కళ్లు తెరుస్తారు. రెప్పలు వేళ్లతో లాగకండి. నల్లగుడ్డు మీద తెల్లచుక్క ఉందా? రెండు కంటిపాపలూ గుండ్రంగా, ఒకే పరిమాణంలో ఉన్నాయా? ఒక కన్ను రెండోదానికంటే చిన్నగా ఉందా, మరీ పెద్దగా ఉందా? వెలుతురు చూస్తే ఒక కన్ను మూసుకుంటోందా, ఎప్పుడూ నీరు కారుతోందా?

కాటుక పెట్టకండి. పెట్టడం వల్ల మేలేమీ లేదు, కంటి అంచున ఏముందో కనిపించదు కూడా. కంట్లో చనుబాలు పిండడం, ఆముదం చుక్క వేయడం మా ఊళ్లో ఇంకా ఉన్నాయి. అస్సలు వద్దు.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు బిడ్డ మీ ముఖం మీద చూపు నిలపాలి. మూడు నెలలకు కదిలే వస్తువు వెంట కళ్లు తిప్పాలి. మొదటి మూడు నెలల్లో అప్పుడప్పుడు మెల్ల కనిపిస్తే కంగారు అక్కర్లేదు. నాలుగు నెలలు దాటాక కూడా ఉంటే చూపించండి.

మూడో నెలలో నేను చేసిన ఒక చిన్న పని చెప్తాను, డాక్టరమ్మే నేర్పారు. పాప నా ముఖం చూస్తూ నవ్వుతున్నప్పుడు ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. నవ్వుతూనే ఉంది. కాసేపాగి కుడి కంటికి అడ్డం పెట్టాను. వెంటనే తల పక్కకు తిప్పింది, నా చెయ్యి తోసింది, ఏడుపు మొదలెట్టింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. చూపు బాగున్న కంటిని మూస్తే బిడ్డ ఊరుకోదు. ఎడమ కంటితో తనకు నా ముఖం సరిగా ఆనడం లేదని ఆ రోజు నాకు అర్థమైంది.

ఫోన్ ఫొటోల్లో ఒక కంటిపాప తెల్లగా, పిల్లి కన్నులా మెరుస్తుంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. అది సూది వల్ల వచ్చిన శుక్లం కావచ్చు, రెటీనోబ్లాస్టోమా అనే కంటి కేన్సర్ కూడా కావచ్చు. ఫ్లాష్ వేసి పదేపదే ఫొటోలు తీస్తూ కూర్చోవద్దు, ఉన్న ఫొటోను డాక్టరుకు చూపించండి.

తేడా ఉంటే

పిల్లల కళ్లు చూసే విభాగం ఉన్న చోటికే వెళ్లండి. కళ్లజోళ్ల షాపుకు కాదు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో ఉంది. ప్రభుత్వం వైపు హైదరాబాద్‌లో సరోజినీ దేవి, విశాఖలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లగానే, అడగక ముందే, ఉమ్మనీటి పరీక్ష సంగతి చెప్పండి. పక్కన ఎవరున్నా సరే. నేను ఆ రోజు చెప్పడానికి తటపటాయించిన ఆ అరనిమిషం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. తర్వాత ఆడపడుచుకు అంతా చెప్పేశాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా" అంది.

అలాగని కంట్లో ఏ తేడా ఉన్నా సూదే కారణమని తేల్చేయకండి. కంటిపాప తాళంచెవి రంధ్రంలా ఉండడం చాలామందికి పుట్టుకతో వచ్చే లోపం. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా అనే వైరస్ జబ్బు సోకితే బిడ్డకు శుక్లం రావచ్చు. కాన్పులో బిడ్డ తల పట్టి బయటికి తీసే ఫోర్సెప్స్ వల్ల నల్లగుడ్డు మీద గీతలు పడవచ్చు. మా పాప విషయంలో డాక్టరమ్మ చెప్పింది ఇదీ: ఒక కంట్లోనే ఉంది. నల్లగుడ్డు మీద మచ్చ, దానికి అతుక్కున్న కంటిపాప అంచు, వెనక లెన్స్‌లో చిన్న మసక, ఈ మూడూ ఒకే గీత మీద ఉన్నాయి. రెప్ప మీద గుంట ఉంది. ఇంట్లో ఎవరికీ ఇలాంటిది లేదు. "సూది దెబ్బకు సరిపోతుంది. నూటికి నూరు పాళ్లు అని మాత్రం రాయలేను" అన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అంత చిన్న పిల్లను కదలకుండా చూడాలంటే కొన్నిసార్లు మత్తు ఇచ్చి పరీక్ష చేస్తారు. కంటిపాప పెద్దది చేసి చూస్తారు, లోపల కనిపించకపోతే కంటికి స్కాన్ చేస్తారు, కంటి ప్రెషర్ కొలుస్తారు. ఇలాంటి కళ్లలో ప్రెషర్ తర్వాత పెరగవచ్చు కాబట్టి పిల్లలు బాగున్నట్టే కనిపించినా చెప్పిన తేదీకి వెళ్లాలి. మా పాప లెన్స్‌లో మసక ఒక పక్కకు ఉంది, నడుమ లేదు. అందువల్ల ఆపరేషన్ అవసరం పడలేదు. అద్దాలు, ప్యాచ్ ఇచ్చారు.

ప్యాచ్ అంటే బాగున్న కంటిని మూయడం. చాలామంది దెబ్బ తగిలిన కంటికి అంటించాలనుకుంటారు. కాదు. బాగున్నదాన్ని మూస్తే బలం లేని కన్ను పనిచేయక తప్పదు. ఎన్ని గంటలన్నది డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు పెంచకండి. మాకు రోజుకు రెండు గంటలు. అద్దాల మీద కాదు, చర్మానికే అంటించి దాని మీద అద్దాలు పెట్టాలి. లేకపోతే పక్క సందులోంచి చూసేస్తారు. మొదటి ఏడాది నరకం. పీకేసేది, నేల మీద దొర్లేది. చివరికి నేను కనిపెట్టింది ముగ్గు. ప్యాచ్ వేసిన వెంటనే గచ్చు మీద చాక్‌పీసుతో పెద్ద పెద్ద చుక్కలు పెడతాను. పాప ముఖం నేలకు ఆనేంతగా వంగి, ఎడమ కంటితో వెతుక్కుంటూ ఒక్కో చుక్కా కలుపుతుంది. మొదట్లో రూపాయి బిళ్లంత చుక్కలు పెడితే గానీ కనపడేవి కాదు. ఇప్పుడు కందిగింజంత పెట్టినా కలుపుతోంది, అంతగా వంగడం లేదు. ఏడెనిమిదేళ్ల లోపు ఈ చికిత్స బాగా పనిచేస్తుందట. మాకింకా సమయం ఉంది.

మా పాప ఫైలు మొదటి పేజీలో ఏ డాక్టరు తెరిచినా కనపడేలా ఇలా రాసి అంటించాను. మీ వివరాలు నింపుకుని మీరూ వాడుకోండి.

"తల్లికి 17 వారాల 3 రోజుల మీద ఉమ్మనీటి పరీక్ష జరిగింది. కారణం: తల్లిదండ్రులిద్దరూ తలసీమియా క్యారియర్లు. సూది పడింది: రెండుసార్లు. మాయ: ముందు వైపు. నీటిలో రక్తం: లేదు. కాన్పు: 38 వారాలకు, మామూలుగా. పుట్టినప్పుడు రెడ్ రిఫ్లెక్స్: చూడలేదు. మచ్చ మొదట చూసింది: 22వ రోజు, అమ్మమ్మ."